0.08 ఎక్కడికి పోయింది?

ప్రశ్నలు – జవాబులు: బలహీన ఆమ్లాలు, పీహెచ్ మీటరు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ప్రయోగం చుట్టూ తిరిగాయి. పీహెచ్ కొలిచి బలహీన ఆమ్లం వియోజన స్థిరాంకం (అది నీళ్లలో ఎంతమేరకు అయాన్లుగా విడిపోతుందో చెప్పే సంఖ్య) కనుక్కోవడం ఎలా, కనుక్కున్నది పుస్తకంతో ఎందుకు కలవదు అన్నదే అందరి గోల. స్థిరాంకం మరీ చిన్న సంఖ్య కాబట్టి దాని రుణ లాగరిథమ్ వాడతారు, అదే పీకేఏ. ఆ అంకె ఎంత చిన్నదైతే ఆమ్లం అంత గట్టిది. చెరువుల దగ్గర్నుంచి వచ్చిన ఒక ఉత్తరం కూడా ఇదే ప్రశ్నగా తేలింది, కనుక దాన్నీ ఇందులోనే కలిపాం.

ప్రశ్న: 25 మి.లీ. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లానికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కలుపుతూ పీహెచ్ చూశాం. సగం తటస్థీకరణ దగ్గర పీహెచ్, పీకేఏ సమానం కదా. ఎప్పుడు చేసినా 4.67, 4.68, 4.69 ఇవే వస్తున్నాయి. పుస్తకంలో 4.76 ఉంది. ఎలక్ట్రోడు మార్చినా అంతే. రికార్డులో 4.76 రాసేయమని సీనియర్లు అంటున్నారు. మా తప్పెక్కడుంది? – డిగ్రీ విద్యార్థిని, భీమవరం

జవాబు: తప్పు లేదమ్మా. 4.68 అనే రాయండి. ఈ ప్రయోగంలో 4.76 వచ్చిందని ఎవరైనా చూపిస్తేనే ఒకటికి రెండుసార్లు అనుమానించాలి.

పుస్తకంలోని 4.76 (కచ్చితంగా చెప్పాలంటే 4.756) 25 డిగ్రీల దగ్గర, అయాన్లు ఒకదాన్నొకటి ఏమాత్రం పట్టించుకోనంత పలచని ద్రావణానికి కట్టిన విలువ. మీ బీకరులో పరిస్థితి అది కాదు. సగం దారిలో 1.25 మిల్లీమోల్‌ల సోడియం ఎసిటేటు 37.5 మి.లీ.లో ఉంటుంది, అంటే 0.033 మోలార్. రుణావేశమున్న ప్రతి ఎసిటేట్ అయాను చుట్టూ సోడియం అయాన్లు కాస్త ఎక్కువగా మూగుతాయి. దాంతో ఎసిటేటు ఉన్నంత సంఖ్యలో పనిచెయ్యదు, చురుకు తగ్గుతుంది. ఆవేశం లేని ఎసిటిక్ ఆమ్లం అణువుకు ఈ బెడద దాదాపు లేదు. మీరు లెక్కలో లవణాన్నీ ఆమ్లాన్నీ గాఢతలుగా వేసి, పీహెచ్‌ను మాత్రం చురుకును చూసే మీటరు నుంచి తీసుకున్నారు. 0.08 ఆ రెండింటి మధ్యే పోయింది.

ఎంత పోవాలో ముందే లెక్క కట్టొచ్చు. డేవిస్ సూత్రం ప్రకారం అయానిక బలం (ఇక్కడ లవణం గాఢతే, 0.033) వర్గమూలాన్ని, దానికి ఒకటి కలిపిన మొత్తంతో భాగించండి. అందులోంచి అయానిక బలానికి 0.3 రెట్లు తీసేసి, మిగిలినదాన్ని 0.509తో గుణించండి. మీ ద్రావణానికి 0.183ను 1.183తో భాగిస్తే 0.154. అందులో 0.010 పోతే 0.144. గుణిస్తే 0.074. 4.756లోంచి 0.074 పోతే 4.68. మీ మూడు రీడింగులూ దీని చుట్టే ఉన్నాయి.

నమ్మకం కుదరకపోతే సగం దగ్గర బ్యూరెట్ ఆపి, అదే బీకరులో 0.28 గ్రాముల పొటాషియం క్లోరైడ్ వేసి కరిగించండి. ఆమ్లమూ చేర్చలేదు, క్షారమూ చేర్చలేదు, అయినా మీటరు 4.64 దగ్గరికి దిగుతుంది. ఈ ఒక్క పరీక్షను రికార్డులో రాస్తే ఎగ్జామినర్‌కు వేరే వివరణ అక్కర్లేదు.

రెండింటినీ పదిరెట్లు పలచన చేసి, 0.01 మోలార్‌తో చేస్తే 4.73 వస్తుంది. అలాగని ఇంకా పలచన చేసుకుంటూ పోతే 4.76కి చేరతాం అనుకోవద్దు. 0.001 మోలార్ దగ్గర సగం బిందువు పీహెచ్ 4.79కి ఎగిరిపోతుంది. అక్కడ ఆమ్లం తనంతట తాను విడిపోయి ఇచ్చే ఎసిటేటు కూడా లెక్కలోకి వచ్చేంత పెద్దది. క్షారం సగం పోసినా నిజానికి సగం కంటే ఎక్కువే విడిపోయి ఉంటుంది. ఆ గాఢతల్లో లవణానికి హైడ్రోజన్ అయాను గాఢత కలపాలి, ఆమ్లంలోంచి అంతే తీసెయ్యాలి.

రికార్డులో ఇలా రాయండి: పీకేఏ 4.68, అయానిక బలం 0.033, ఉష్ణోగ్రత ఇంత. ఆ రెండూ రాయని పీకేఏకి రెండో దశాంశం ఉండి లాభం లేదు.

ప్రశ్న: సగం బిందువు ఒక్కటే చూడ్డం కాకుండా, ఒక్క మీటరున్న ల్యాబులో ఈ ప్రయోగం పద్ధతిగా చేయించడానికి కొలతలు, క్రమం చెప్పగలరా? – రసాయనశాస్త్ర లెక్చరర్, అమలాపురం

జవాబు: 100 మి.లీ. బీకరులో 25 మి.లీ. ఆమ్లం పోస్తే ఎలక్ట్రోడు కింది గాజు బుడగ మాత్రమే మునుగుతుంది. పక్కన ఉండే సన్నని రంధ్రం, అంటే రిఫరెన్సు భాగం బయటితో కలిసే చోటు, గాల్లో ఉండిపోతుంది. రీడింగు గంతులేస్తుంటే చాలాసార్లు కారణం ఇదే. అందుకని మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్ ఇంకో 25 మి.లీ. చేర్చండి. స్టిరర్ ముక్క బుడగకు తగలకుండా ఎలక్ట్రోడును ఒక పక్కకు బిగించండి. స్టిరర్ లేకపోతే చేత్తో బీకరు తిప్పి, ఆపి, అప్పుడు చదవాలి. కలుపుతుండగా ఒకసారి, ఆపి ఒకసారి చదవడం మాత్రం వద్దు.

ఎసిటిక్ ఆమ్లానికి 4.00, 6.86 బఫర్లు (మీటరును సర్దడానికి వాడే, పీహెచ్ తెలిసిన ద్రావణాలు) చాలు. 9.18తో పనిలేదు. మీటరు మిల్లీవోల్టులు చూపేదైతే రెండు బఫర్లకూ మధ్య తేడా రాసుకోండి. 30 డిగ్రీల దగ్గర అది 171 మిల్లీవోల్టులుండాలి. 162 కంటే తగ్గితే ఆ ఎలక్ట్రోడును శుభ్రం చెయ్యాలి, లేదా మార్చాలి. ఈ అంకెను రోజూ గోడమీది చార్టులో రాయిస్తే ఎలక్ట్రోడు ఎప్పుడు పడిపోతోందో ముందే తెలుస్తుంది.

క్షారం మొదట ఒక్కో మి.లీ. చొప్పున 20 వరకు, తర్వాత అర మి.లీ. చొప్పున 23 వరకు, అక్కడి నుంచి 26 వరకు 0.1 మి.లీ. చొప్పున పొయ్యాలి. ఆపైన మళ్లీ మి.లీ. చొప్పున 30 దాకా. ప్రతిసారీ అంకె అర నిమిషం పాటు 0.01 లోపు నిలిచాకే చదవాలి. పీహెచ్ తేడాను మి.లీ. తేడాతో భాగించి గ్రాఫు గీస్తే శిఖరం ఎక్కడ వస్తుందో అదే తుల్య బిందువు, అంటే ఆమ్లానికి క్షారం సరిగ్గా సరిపోయిన చోటు. ఎసిటిక్ ఆమ్లానికి అక్కడ పీహెచ్ సుమారు 8.6 ఉంటుంది. 7 దగ్గర తుల్య బిందువు పెట్టే పిల్లలు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు.

అసలు విషయం ఆ తర్వాతే ఉంది. సగం బిందువు ఒక్కటే తీసుకుంటే అది మంచిదో చెడ్డదో చెప్పడానికి సాక్ష్యం లేదు. తుల్య బిందువులో 20 శాతం నుంచి 80 శాతం దాకా ఉన్న ప్రతి రీడింగుకూ విడిగా పీకేఏ కట్టించండి: పీహెచ్‌లోంచి, పోసిన క్షారానికీ ఇంకా పొయ్యాల్సిన క్షారానికీ ఉన్న నిష్పత్తి లాగరిథమ్ తీసెయ్యడమే. తుల్య బిందువు 24.6 మి.లీ. అనుకుంటే 6 మి.లీ. దగ్గర పీహెచ్ 4.22, 12.3 దగ్గర 4.70, 18 దగ్గర 5.13 రావాలి. వాటినుంచి కట్టిన పీకేఏలు 4.71, 4.70, 4.69. ఈ కొద్దిపాటి జారుడు సహజమే, క్షారం పోసేకొద్దీ లవణం పెరిగి అయానిక బలం పెరుగుతుంది మరి.

ఇప్పుడు అదే డేటాకు తుల్య బిందువును పొరపాటున 25.2గా చదివితే చూడండి. 6 మి.లీ. దగ్గర 4.72, 12.3 దగ్గరా 4.72, 18 దగ్గర 4.73, 22 దగ్గరికి వచ్చేసరికి 4.78. చివర్లో అంకెలు పైకి ఎగబాకితే తుల్య బిందువు ఎక్కువ చదివారన్నమాట. గబగబా కిందికి జారితే తక్కువ చదివారు. అన్ని బిందువులూ ఒకే మోతాదులో పైకో కిందికో ఉంటే తప్పు తుల్య బిందువులో లేదు, మీటరు క్యాలిబ్రేషన్‌లో ఉంది. మొదటి రెండు మూడు బిందువులే పక్కకు పోతే హైడ్రోజన్ అయాను దిద్దుబాటు వెయ్యలేదన్నమాట. సగటు కట్టేముందు ఈ వరుసను ఒకసారి కళ్లతో చూస్తే చాలు, సగటు ఈ తేడాలన్నిటినీ దాచేస్తుంది.

ప్రశ్న: సోడియం హైడ్రాక్సైడ్ సీసా తెరిచిన వారానికే బిళ్లలు జావలా అవుతున్నాయి. వాటితో చేసిన ద్రావణం ప్రతిసారీ వేరే గాఢత చూపిస్తోంది. – ల్యాబ్ అసిస్టెంటు, నరసాపురం

జవాబు: సముద్రం పక్కన, వర్షాకాలంలో, ఇంకేం జరుగుతుంది! బిళ్ల తేమ పీల్చుకోవడం కంటికి కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడు పీల్చుకుని సోడియం కార్బొనేటుగా మారడం కనబడదు, పీకేఏ ప్రయోగానికి చెరుపు చేసేది అదే. బిళ్లలు తూచి గాఢత లెక్కగట్టడం మీ ఊళ్లో పూర్తిగా మానెయ్యండి.

50 గ్రాముల బిళ్లలను 50 మి.లీ. నీళ్లలో కొద్దికొద్దిగా వేస్తూ కరిగించండి. ప్లాస్టిక్ బీకరు వాడి, దాన్ని చల్లనీళ్ల తొట్టెలో నిలబెట్టండి. బాగా వేడెక్కుతుంది, చిందితే కన్ను పోతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. అంత చిక్కని క్షారంలో సోడియం కార్బొనేటు కరగదు. మూతపెట్టి నాలుగైదు రోజులు కదపకుండా ఉంచితే తెల్లగా అడుక్కి దిగుతుంది. పైన తేరిన దాన్ని 5.3 మి.లీ. తీసి, మరిగించి చల్లార్చిన నీళ్లతో లీటరు చేస్తే సుమారు 0.1 మోలార్ వస్తుంది. 'సుమారు' అన్నది గుర్తుపెట్టుకోండి. పొటాషియం హైడ్రోజన్ థాలేటును 110 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు ఆరబెట్టి, చల్లార్చి, 0.5105 గ్రాములు తూచి అంశమాపనం (టైట్రేషన్) చెయ్యండి. క్షారం సరిగ్గా 0.1 మోలార్ అయితే 25.0 మి.లీ. పడుతుంది. 25.4 పడితే గాఢత 0.0984 అని సీసామీద తేదీతో సహా రాసేయండి. గాజు సీసాలో పెడితే బిరడా పట్టేస్తుంది, పాలిథీన్ సీసాయే మేలు.

పాత కార్బొనేటు క్షారంతోనే ఎసిటిక్ ఆమ్లం చేసినా పీకేఏ మరీ పాడవదు. పీకేఏ 6 దాటిన ఆమ్లాలకు మాత్రం పాడవుతుంది. కార్బొనిక్ ఆమ్లం తన 6.35తో మధ్యలో దూరి వక్రాన్ని సాగదీస్తుంది.

ప్రశ్న: మే నెలలో మా ల్యాబులో 36 డిగ్రీలుంటుంది. పుస్తకం విలువలు 25 డిగ్రీలకి. మీటరు మీద ఉష్ణోగ్రత నాబ్ ఉంది, ఎవరూ ముట్టుకోరు. – బీఎస్సీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: ఇక్కడ మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి.

ఎలక్ట్రోడు ఒక పీహెచ్ యూనిట్‌కు ఇచ్చే మిల్లీవోల్టులు వేడితో పెరుగుతాయి: 25 డిగ్రీల దగ్గర 59.2, 35 దగ్గర 61.1. నాబ్ దిద్దేది దీన్నొక్కటే. దాన్ని 25 దగ్గర వదిలేసి, 6.86 బఫరుతో మాత్రమే క్యాలిబ్రేట్ చేస్తే 35 డిగ్రీల దగ్గర 4.70 ఉన్నది 4.63గా కనిపిస్తుంది. అదే వేడిలో ఉన్న రెండు బఫర్లతో చేసి స్లోప్ సర్దితే నాబ్ తప్పు చాలావరకు సర్దుకుపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన బఫర్ సీసాను వెంటనే వాడకూడదని చెప్పేది అందుకే.

రెండోది, బఫర్ విలువలు కూడా మారతాయి. 35 డిగ్రీల దగ్గర 4.00 బఫరు 4.02, 6.86 బఫరు 6.84, 9.18 బఫరు 9.10. మీటరును ఈ విలువలకే సర్దాలి.

మూడోది ఆమ్లం సంగతి. దీన్ని ఏ నాబూ దిద్దదు, దిద్దకూడదు కూడా. ఎసిటిక్ ఆమ్లం విడిపోవడంలో వేడి దాదాపు పుట్టదు, పోదు. అందుకే 35 డిగ్రీల దగ్గర కూడా దాని పీకేఏ 4.76. మీ అదృష్టం. అమోనియం అయానుకు అలా కాదు. 25 దగ్గర 9.25 ఉన్నది 35కి 8.95 అవుతుంది, డిగ్రీకి 0.03 చొప్పున పడిపోతుంది. దాని ఫలితం ఈ కింది ఉత్తరం రాసిన రైతుగారి చెరువులో కనిపిస్తోంది.

ప్రశ్న: వనామీ రొయ్యల చెరువండి. కిట్టుతో చూస్తే అమోనియా పొద్దున్నా మధ్యాహ్నమూ ఒకేలా 1 పీపీఎం చూపిస్తోంది. పొద్దున పీహెచ్ 7.6, మధ్యాహ్నం మూడింటికి 8.9. పొద్దున మేత బాగానే తింటున్న రొయ్య మధ్యాహ్నం నీరసపడిపోతోంది. అమోనియా మారనప్పుడు దోషం దానిది కాదు కదండీ? – ఆక్వా రైతు, ఆకివీడు దగ్గర

జవాబు: మారలేదని కిట్టు అంటోంది, ఎందుకంటే అది మొత్తాన్ని కలిపి చూపిస్తుంది. నీళ్లలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుందండి. అమోనియం అయాను మొప్పల్లోంచి తేలిగ్గా దూరదు. ఆవేశం లేని అమోనియా దూరుతుంది, విషం అదే. ఏది ఎంతుందో నిర్ణయించేవి పీహెచ్, పీకేఏల మధ్య దూరమూ, నీటి వేడీ.

లెక్క చిన్నదే. పీకేఏలోంచి పీహెచ్ తీసెయ్యండి, వచ్చినదాన్ని పదికి ఘాతంగా వేసి ఒకటి కలపండి, ఒకటిని దానితో భాగించండి. పొద్దున నీరు 28 డిగ్రీలనుకుంటే పీకేఏ 9.16. పీహెచ్ 7.6 దగ్గర విషరూపం 2.7 శాతం, అంటే 1 పీపీఎంలో 0.03. మధ్యాహ్నం 32 డిగ్రీలకు పీకేఏ 9.04. పీహెచ్ 8.9 దగ్గర 42 శాతం, అంటే 0.42. కిట్టు రంగు మారకుండానే విషం పదిహేను రెట్లు అయింది. ఉప్పు నీటిలో ఈ పీకేఏ కాస్త పెరుగుతుంది, కాబట్టి శాతాలు కొంచెం తగ్గుతాయి. (మొదటి ప్రశ్నలో ఉప్పు చేరితే తగ్గింది, ఇక్కడ పెరుగుతోంది. అక్కడ ఆవేశం ఉన్నది లవణానికి, ఇక్కడ ఆమ్లం వైపున్న అమోనియం అయానుకు.)

పీహెచ్ ఎక్కడానికి కారణం నాచు, ప్లాంక్టన్. ఎండలో అవి నీళ్లలోని కార్బన్ డయాక్సైడును తినేస్తాయి. అందుకే పీహెచ్ గట్టుమీదే, తీసిన వెంటనే చూడాలి. సీసాలో పట్టి ఊళ్లోకి తెస్తే దారిలోనే మారిపోతుంది. పీహెచ్ ఇంత ఎక్కే రోజుల్లో సున్నం జోలికి పోవద్దు, అది పీహెచ్‌ను ఇంకా ఎక్కించి అమోనియాను విషంవైపు తోస్తుంది. మేత తగ్గించి, వీలుంటే కొంత నీరు మార్చి, ఏరేటర్లు తిప్పడం ఉత్తమం.

తెల్లవారుజామున అడుగు బురద వాసన వేస్తుంటే మాత్రం కథ తిరగబడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడు పీకేఏ సుమారు 7. దానికి పీహెచ్ తగ్గినప్పుడే విషం ఎక్కువ: 7.6 దగ్గర ఐదో వంతు విషరూపంలో ఉంటుంది, 8.9 దగ్గర నూటికి ఒక పాలే.

ప్రశ్న: సిట్రిక్ ఆమ్లానికి మూడు పీకేఏలుంటాయంటారు. నిమ్మరసంతో అంశమాపనం చేస్తే ఒక్కటే మెట్టు వచ్చింది. మిగతా రెండూ ఏవి? – ఇంటర్ అధ్యాపకురాలు, తణుకు

జవాబు: ఉన్నాయి, ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. 3.13, 4.76, 6.40. రెండు మెట్లు విడిగా కనిపించాలంటే పీకేఏల మధ్య కనీసం నాలుగు యూనిట్ల తేడా ఉంటే బాగుంటుంది. ఫాస్ఫారిక్ ఆమ్లంలో 2.15, 7.20 మధ్య ఐదు ఉంది కాబట్టే మెట్లు తేటగా వస్తాయి. సిట్రిక్ ఆమ్లంలో ఒకటిన్నరే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లంలో ఇంకా తక్కువ.

అందుకని మూడింట ఒక వంతు, రెండు వంతుల దగ్గర బిందువులు వెతకడం మాని, ఒక్కో అణువు దగ్గర సగటున ఎన్ని హైడ్రోజన్లు మిగిలాయో లెక్కగట్టండి. ఆమ్లం గాఢతకు మూడు రెట్లలోంచి సోడియం గాఢతనూ, హైడ్రోజన్ అయాను గాఢతనూ తీసేసి, ఆమ్లం గాఢతతో భాగించాలి. క్షారం పోసేకొద్దీ బీకరులో పరిమాణం పెరుగుతుంది, గాఢతలన్నీ ఆ పెరిగిన పరిమాణానికే కట్టాలి. పీహెచ్‌కి ఎదురుగా గ్రాఫు గీస్తే సగటు 2.5, 1.5, 0.5 అయిన చోట్ల పీహెచ్‌లు మూడు పీకేఏలకూ దగ్గరి అంచనాలు. వాటిని మొదటి విలువలుగా పెట్టి స్ప్రెడ్‌షీట్‌లో సర్దితే ఇంకా మెరుగవుతాయి. మొదటి పీకేఏ దగ్గర హైడ్రోజన్ అయాను దిద్దుబాటు వదిలేస్తే అంకె పనికిరాదు.

పిల్లలకు నిమ్మరసమే ముచ్చటగా ఉంటుంది గానీ దాని పిప్పి ఎలక్ట్రోడు రంధ్రానికి అడ్డం పడుతుంది, అందులో ఆమ్లం గాఢతా తెలియదు. తూచిన సిట్రిక్ ఆమ్లంతో పీకేఏలు కట్టి, ఆ తర్వాత వడకట్టిన నిమ్మరసంలో ఆమ్లం ఎంతుందో కొలవండి. అన్నట్టు, 1934లో కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ తన పీహెచ్ మీటరును తయారుచేసింది నిమ్మజాతి రసాల పులుపు కొలవడానికే.

ప్రశ్న: అంశమాపనం లేకుండా, తెలిసిన గాఢత ఉన్న ఆమ్లం పీహెచ్ ఒక్కసారి చూసి స్థిరాంకం కట్టలేమా? – ఇంటర్ విద్యార్థి, పాలకొల్లు

జవాబు: కట్టొచ్చు. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ 2.88. హైడ్రోజన్ అయాను గాఢత 0.00132. దాని వర్గాన్ని 0.1లోంచి 0.00132 పోగా మిగిలినదానితో భాగిస్తే 1.76 × 10⁻⁵. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే. చిక్కేమిటంటే వర్గం చేస్తున్నాం కాబట్టి మీటరు తప్పు రెట్టింపు అవుతుంది. పీహెచ్ 0.05 తప్పితే పీకేఏ 0.10 తప్పుతుంది. గాఢత 5 శాతం తప్పితే మాత్రం 0.02 మించి పోదు. కనుక ఆమ్లం తూచడం కంటే మీటరు క్యాలిబ్రేషన్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

ప్రశ్న: డిస్టిల్డ్ వాటర్ దొరకనప్పుడు బోరు నీళ్లో, మినరల్ వాటర్ క్యాన్ నీళ్లో వాడొచ్చా? – ఉపాధ్యాయుడు, రాజోలు

జవాబు: బోరు నీళ్లు వద్దు. అందులో బైకార్బొనేటు ఉంటుంది. క్షారత (కాల్షియం కార్బొనేటు లెక్కన) లీటరుకు 300 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, మీరు చేర్చే 25 మి.లీ.లో 0.15 మిల్లీమోల్‌లు. బీకరులో ఆమ్లం 2.5 మిల్లీమోల్‌లే. బ్యూరెట్ ఇంకా సున్నా దగ్గర ఉండగానే ఆరు శాతం ఆమ్లం తటస్థమైపోయింది, ఇక సగం ఎక్కడని వెతుకుతారు? క్యాన్ నీళ్లలో ఇది తక్కువ, కానీ సున్నా కాదు. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడండి.

ప్రశ్న: బెంజోయిక్ ఆమ్లం నీళ్లలో కరగక ఆల్కహాలు కలిపాం. పీకేఏ 4.20కి బదులు చాలా ఎక్కువ వచ్చింది. – పీజీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఆల్కహాలు చేసిన పనే. సగానికి సగం ఆల్కహాలు ఉంటే ఇలాంటి ఆమ్లాల పీకేఏ ఒక యూనిట్‌కు పైగా పెరుగుతుంది. విడిపోయిన అయాన్లను నీళ్లు ఆదరించినట్టు ఆల్కహాలు ఆదరించదు. అసలు ఆల్కహాలు అక్కర్లేదు. బెంజోయిక్ ఆమ్లం 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 3.4 గ్రాములు కరుగుతుంది. 0.01 మోలార్‌కు కావలసింది 1.22 గ్రాములే. గోరువెచ్చని నీళ్లలో కలిపి చల్లార్చండి.

అదే గాఢతలో సాలిసిలిక్ ఆమ్లం (పీకేఏ 2.97) చేస్తే సగం బిందువును నేరుగా నమ్మొద్దు. అయానిక బలం సంగతి పక్కనబెట్టినా అక్కడ పీహెచ్ 3.11 చూపిస్తుంది.

ప్రశ్న: క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ కూడా బలహీన ఆమ్లమే కదా. దాని పీకేఏ కట్టబోతే తుల్య బిందువే కనిపించలేదు. – డిగ్రీ విద్యార్థులు, అమలాపురం

జవాబు: 9.24 పీకేఏ ఉన్న ఆమ్లానికి తుల్య బిందువు 11 దగ్గర వస్తుంది. అక్కడ నీళ్లే వక్రాన్ని చదునుచేసేస్తాయి, శిఖరం రాదు. ఒక్క పీహెచ్‌తో కట్టే పద్ధతీ పనికిరాదు. 0.01 మోలార్ బోరిక్ ఆమ్లం పీహెచ్ 5.6, గాలికి ఉంచిన ఉత్త డిస్టిల్డ్ వాటర్ పీహెచ్ కూడా అంతే.

దారి ఏమిటంటే, పౌడర్ బదులు ల్యాబు బోరిక్ ఆమ్లం 0.124 గ్రాములు తూచి 100 మి.లీ. చెయ్యండి. అది 0.02 మోలార్ అవుతుంది. ఇంతకంటే చిక్కగా చేస్తే బోరేటులు ఒకదానితో ఒకటి ముడిపడి పీకేఏ పక్కదారి పడుతుంది. ఇందులోంచి రెండు భాగాలు, 25 మి.లీ. చొప్పున తీసుకోండి. ఒకదానిలో రెండు గ్రాముల మానిటాల్ వేస్తే బోరిక్ ఆమ్లం గట్టి ఆమ్లంలా ప్రవర్తిస్తుంది, ఫినాఫ్తలీన్‌తోనే తుల్య బిందువు తేటగా వస్తుంది. 0.02 మోలార్ క్షారం ఎన్ని మి.లీ. పట్టిందో రాసుకోండి. రెండో భాగంలో మానిటాల్ వెయ్యకూడదు, వేస్తే పీకేఏ బోరిక్ ఆమ్లానిది కాకుండా పోతుంది. దానికి ఆ కొలతలో నాలుగో వంతు, సగం, ముప్పావు పోసి, 6.86, 9.18 బఫర్లతో సర్దిన మీటరుతో పీహెచ్ చూసి మూడు పీకేఏలు కట్టండి. నైట్రోజన్ సిలిండరు ఉంటే బీకరులోకి సన్నగా వదలండి. లేకపోతే బీకరు మూతికి పాలిథీన్ కాగితం కట్టి, ఎలక్ట్రోడు, బ్యూరెట్ కొన దూరేంత రంధ్రాలే చెయ్యండి. ఫ్యాను ఆపెయ్యండి.